పెద్ద చర్చి పంచనామా

ఉన్నది వదలడు, లేనిది వెయ్యడు. ఆమె బాబాయి గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది పెద్దగా లేదు. కానీ ఈ రెండు ముక్కల వల్లే పదకొండేళ్ళుగా ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. ఆయన నీటిరంగుల చిత్రకారుడు. బతుకంతా వేసింది ఒకే ఒక్క కట్టడాన్ని. ఊరి నడిబొడ్డున నాలుగు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్న కెథడ్రల్‌ని, అంటే ఊరంతా పెద్ద చర్చి అని పిలిచేదాన్ని. ఆయన వేస్తాడు, ఆయన అన్న కూతురైన ఈమె తన షాపులో దాన్ని స్కాన్ చేసి దళసరి నూలు కాగితం మీద ప్రింట్లు తీస్తుంది, ఇద్దరూ పోట్లాడుకుంటారు, ఆ తర్వాత ఎవరైనా కొనుక్కుంటారు. వాళ్ళ వ్యాపారం మొత్తం ఇదే.

మిగతా చిత్రకారులు చర్చిని చూసి బొమ్మ వేస్తారు. ఈయన చర్చి మీద పంచనామా రాస్తాడు. ఏ కిటికీలో ఎన్నో అద్దం పగిలింది, వాననీటి గొట్టానికి తుప్పు ఎంతమేర పాకింది, తలుపు మీద ఎన్ని మేకులున్నాయి, అందులో వంగినవెన్ని, అన్నీ ఉండాల్సిందే. అందుకే ఊళ్ళో ఆయన పేరు పంచనామా. ఎదురుగా ఎవరూ అనరు గాని ఆయనకి తెలుసు. ఆ పేరంటే ఆయనకి కోపం లేదు. ఈమధ్య పోలీసులు రాసే పంచనామాలు తప్పుల తడకలుగా ఉంటున్నాయనీ, తనని వాటితో పోల్చడం అన్యాయమనీ మాత్రం ఆయన బాధ.

మొదటి ఏడు ఆయన ముఖద్వారం బొమ్మ తెచ్చాడు. ఉదయపు ఎండ, లేత పసుపు రాయి, గుండ్రటి పెద్ద కిటికీ మీద మెరుపు, అన్నీ ప్రాణం పెట్టి వేశాడు. వాటన్నిటి ముందూ బొమ్మలో మూడో వంతు ఆక్రమించి ఒక చెత్తబండి. పచ్చ రంగు బండి, వెనక చక్రంలో గాలి తక్కువ, పక్కన నంబరు కూడా. ఆమె మర్యాదగానే అడిగింది, ఈ బండి ఎందుకు బాబాయ్ అని. అక్కడ ఉంది కాబట్టి అన్నాడు. పది నిమిషాలు ఆగితే వెళ్ళిపోయేది కదా అంది. ఆ పది నిమిషాల్లో ఎండ మారిపోతుంది, అప్పుడది వేరే బొమ్మ అన్నాడు. తీసిన ప్రింట్లలో ఒక్కటే అమ్ముడుపోయింది. కొన్నవాడు ఆ బండి డ్రైవరు.

తర్వాతి ఏడు ఒక క్యాలెండర్ల కంపెనీ వాళ్ళు వచ్చారు. గోపురం వెనక సూర్యాస్తమయం కావాలన్నారు. సూర్యుడు గోపురం వెనక దిగేది ఏడాదికి ఆరు రోజులేనని బాబాయి వాళ్ళకి పాఠం చెప్పి, ఆ ఆరు రోజులూ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆరు రోజులూ మబ్బే. ఏడో రోజు, వచ్చే ఏడు రమ్మని వాళ్ళకి కబురు పెట్టాడు. సూర్యాస్తమయం ఎలా ఉంటుందో ఆయనకి తెలియకపోదు కదా, ఊహించి వెయ్యవచ్చు కదా అని ఆమె అడిగితే, ఊహించి సంతకం చేసేవాళ్ళని ఫోర్జరీగాళ్ళంటారన్నాడు. కంపెనీ వాళ్ళు మళ్ళీ ఆమె షాపున్న వీధి మొహం కూడా చూడలేదు.

ఇక లాభం లేదని ఒకసారి ఆమె దొంగతనానికి దిగింది. చర్చి నెత్తి మీదుగా అడ్డంగా పోతున్న కరెంటు తీగని కంప్యూటర్లో చెరిపేసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా వచ్చింది. ప్రింట్లు చూసిన బాబాయి పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనం చూసి ఆమె అప్పుడే భయపడి ఉండాల్సింది. మర్నాడు ఆయన ఒక ప్రింటు చుట్టి చంకలో పెట్టుకుని కరెంటాఫీసుకి వెళ్ళి, పెద్ద చర్చి దగ్గర తీగ మాయమైందని ఫిర్యాదు రాసిచ్చాడు. సాక్ష్యంగా ప్రింటు జతచేశాడు. మధ్యాహ్నానికి ఇద్దరు లైన్‌మెన్లు వచ్చి, నిచ్చెన వేసి, ఉన్న తీగని అరగంట సేపు ఉందా లేదా అని చూసి, ప్రింటు అడుగున ఉన్న షాపు చిరునామా పట్టుకుని సరాసరి ఆమె మీదికి వచ్చారు. వాళ్ళకి జవాబు చెప్పేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. ఇక మీదట ఆయన బొమ్మలో చుక్క కూడా ముట్టుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఆపైన గోపురానికి మరమ్మతులు మొదలయ్యాయి. మూడేళ్ళ పాటు గోపురం చుట్టూ పరంజా, పరంజా చుట్టూ పచ్చటి వల. మూడేళ్ళూ బాబాయి ఆ వలనే వేశాడు, కన్ను కన్నూ విడివిడిగా. షాపుకి వచ్చినవాళ్ళు బొమ్మని అటూ ఇటూ తిప్పి చర్చి ఎక్కడుందని అడిగేవాళ్ళు. వల లోపల ఉందని చెప్పీ చెప్పీ ఆమె నోరు పడిపోయింది.

ఆ పరంజా మీద ఒక రాతి మేస్త్రి ఉండేవాడు. బాబాయి వయసువాడే. బాబాయికి ఆయనతో రోజూ యుద్ధమే. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని కింద కుర్చీలోంచి ఈయన అరిచేవాడు, ఆ మూల అంచు వంకరగా ఉందని, సున్నం మరీ తెల్లగా ఉందని. నువ్వు తప్పు చేస్తే కాగితం చింపుకుంటావు, నేను దేన్ని చింపుకోవాలి అని మేస్త్రి పైనుంచి బదులు అరిచేవాడు. వీళ్ళ కేకలకి చర్చిలో ప్రార్థన చేసుకునేవాళ్ళు కళ్ళు తెరిచి చూసేవాళ్ళు. మేస్త్రికి ఇదే ఆఖరి పని. దీని తర్వాత చర్చి ఉత్తరపు గోడ బాగుచెయ్యాలి. ఆ పని మేస్త్రి దగ్గరే చెక్కుడు నేర్చుకున్న ఆయన కూతురికి ఇవ్వాలా, బయటివాళ్ళకి ఇవ్వాలా అన్నది చర్చి కమిటీ ఇంకా తేల్చలేదు.

ఎట్టకేలకు పరంజా విప్పారు. గోపురం కొత్త రాయితో మెరిసిపోతూ బయటపడింది. మరమ్మతుల కోసం మూసి ఉంచిన ముఖద్వారం మళ్ళీ తెరిచే ఆదివారం నాటికి కొత్త గోపురం బొమ్మ మూడు వందల ప్రింట్లు కావాలని కమిటీ కార్యదర్శి స్వయంగా ఆమె షాపుకి వచ్చాడు. ఎవరైనా పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా ముందు అచ్చుతప్పు వెతికే రకం ఈయన. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట భూతద్దం ఉంటుంది. అసలు బొమ్మ సోమవారానికి ఆమె చేతికి రావాలి, ప్రింట్లు శనివారానికి తన చేతికి రావాలి అన్నాడు. కుదరకపోతే ఏదో ఒక ఫొటో పట్టుకెళ్ళి పక్క ఊరి ప్రెస్సులో పోస్టర్లు వేయించుకుంటామనీ, ఇకపై చర్చి పనులన్నీ ఆ ప్రెస్సుకే పోతాయనీ చాలా మర్యాదగా చెప్పి వెళ్ళాడు. షాపు నడుస్తున్నదే చర్చి పనుల మీద. అవి పోతే షట్టరు దించి ఇంట్లో కూర్చోవాలి.

ఆమె బాబాయి దగ్గరికి వెళ్ళి ఈ సంగతంతా ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ విని, సోమవారానికి ఇస్తానన్నాడు.

సోమవారం పొద్దున ఆమె పోట్లాటకి సిద్ధమై చర్చి ముందుకి వెళ్ళింది. తీరా చూస్తే బొమ్మ పూర్తయి ఉంది. గోపురం కాగితంలోంచి లేచి నిలబడింది. పాత రాయి మీద ఎండ తేనె రంగులో, కొత్త రాయి మీద వెన్న రంగులో పడింది. చెత్తబండి లేదు, వల లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఏ గొడవా లేకుండా గోడకి తగిలించుకోదగ్గ బొమ్మ. సంతోషంగా చెయ్యి చాపబోయి, గంటల గది కిటికీ పక్కన, కొత్త రాయి వరసలో, గోరంత మేర కాగితం తెల్లగా వదిలేసి ఉండడం చూసింది.

"ఇదేమిటి బాబాయ్, ఇక్కడ ఖాళీ వదిలేశావు?"

"ఇంకా రాలేదు."

"ఏది రాలేదు?"

"వచ్చాక చూద్దువుగాని. వెలుగుకి అడ్డం నిలబడకు, పో."

మంగళవారం కూడా అంతే. ఆమె ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి బతిమాలింది. ఆయన టీ తాగి, ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించలేదని తిట్టి పంపించాడు. ఆ గోరంత ఖాళీ అలాగే ఉంది.

బుధవారం కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె చుట్టూ వెతుకుతుంటే గోపురం మొదట్లో ఉన్న చిన్న తలుపు తీసుకుని బాబాయి బయటికి వచ్చాడు. డెబ్భై ఒకటో ఏడు నడుస్తున్న మనిషి. ఇంట్లో మెట్లు కూడా చూసి ఎక్కమని డాక్టరు చెప్పాడు. మోకాళ్ళకి దుమ్ము, నుదుటి మీద చెమట, ఎగశ్వాస. పైకెందుకు ఎక్కావంటే గాలి కోసమన్నాడు. కింద గాలి లేదా అంది. కింద నువ్వున్నావు కదా అన్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మిగిలింది మూడు రోజులనీ, తన షాపు ఆయన గోరంత మొండితనం మీద ఆధారపడి ఉందనీ, కావాలంటే ఆ చోట తానే బ్రష్షు తీసుకుని ఇంత పసుపు పూసేస్తాననీ గుక్కతిప్పుకోకుండా అరిచింది. చెయ్యి విరగ్గొడతానని ఆయన తిరిగి అరిచాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే ఇద్దరూ చెరో దిక్కుకీ తిరిగి నిలబడ్డారు.

గురువారం కార్యదర్శి షాపుకి వచ్చాడు. శుక్రవారం పది గంటలకి మళ్ళీ వస్తాననీ, అప్పటికి మెషీను మీద బొమ్మ కనబడకపోతే పక్క ఊరికి కారులో బయల్దేరతాననీ చెప్పాడు. ఆయన వెనకాలే ఆమె షాపుకి తాళం వేసి చర్చికి పరుగెత్తింది. కుర్చీ మళ్ళీ ఖాళీ. బాబాయి మళ్ళీ పైకెక్కి ఉన్నాడు. స్టాండు మీద బొమ్మ ఒంటరిగా ఉంది. ఆమె అటూ ఇటూ చూసి, అట్టతో సహా బొమ్మని ఎత్తుకుని షాపుకి వచ్చేసింది. పెట్టుకున్న ఒట్టు గట్టు మీద పెట్టి స్కానర్ మూత తెరిచింది.

ఆమె లెక్క తేలికైనదే. ఆ ఖాళీలో ఏముండాలో చూసి, కంప్యూటర్లోనే రంగు నింపెయ్యాలి. పరంజా విప్పిన వారం ఎదుటి మేడ మీదినుంచి పెద్ద లెన్సుతో గోపురం ఫొటోలు తీసి ఉంచుకుంది. వాటిలో ఒకటి తెరిచి గంటల గది కిటికీ పక్కకి పెద్దది చేసుకుంటూ వెళ్ళింది. అక్కడ గోడ వెంబడి రాతిలో చెక్కిన ఆకుల వరస ఒకటుంది. ఒక్కో ఆకూ రెండు అరచేతులంత. వరసకి అడుగున సన్నటి రాతి అంచు. అన్ని ఆకుల మొనలూ పైకి చూస్తున్నాయి. కిటికీకి ఎడమ పక్క ఆరో ఆకు మొన మాత్రం కిందికి చూస్తోంది.

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. రాయి తలకిందులుగా పెట్టేశారు. వల చాటున, ఏ వానలోనో, ఏ తొందరలోనో పెట్టి ఉంటారు. కింద నిలబడి చూస్తే పక్షి రెట్టకీ దానికీ తేడా తెలియదు. ఫొటోలో తెలుస్తోంది. బాబాయి బొమ్మలో అయితే ఇంకా బాగా తెలుస్తుంది.

ముందు ఆమెకి వచ్చింది కోపమే. మూడేళ్ళుగా ఆ మేస్త్రి మీద పెట్టుకున్న కక్ష ఇప్పుడు తీర్చుకుంటున్నాడన్న మాట అనుకుంది. కానీ ఆ లెక్క కుదరలేదు. తీర్చుకునేవాడైతే సోమవారమే ఒక్క గీతలో తలకిందుల ఆకు వేసి చేతులు దులుపుకునేవాడు. చెత్తబండి చక్రంలో గాలి తక్కువైతే వదలని మనిషి, ఇంత పెద్ద తప్పు కళ్ళెదుట పెట్టుకుని నాలుగు రోజులుగా కాగితం ఖాళీగా ఎందుకు ఉంచినట్టు? ఆమె బొమ్మని మళ్ళీ అట్ట మీద పెట్టుకుని చర్చికి నడిచింది.

అక్కడ బాబాయి ఖాళీ స్టాండు ముందు నిప్పులు తొక్కిన కోతిలా గంతులేస్తున్నాడు. చుట్టూ నలుగురైదుగురు పోగయ్యారు. ఆమెని చూడగానే తిట్లు అందుకున్నాడు. దొంగ అన్నాడు, మా అన్న కడుపున చెడపుట్టావన్నాడు. ఆమె బొమ్మని స్టాండు మీద పెట్టి, దగ్గరికి వెళ్ళి, ఆయనకి మాత్రమే వినబడేట్టు అంది.

"ఆరో ఆకు తలకిందులుగా ఉంది."

పదకొండేళ్ళలో మొదటిసారి బాబాయి తిట్టు మధ్యలో ఆగిపోయాడు. పోగైనవాళ్ళని చేత్తోనే తరిమేశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. మేస్త్రికి తెలుసు. పరంజా విప్పిన రోజు చూసుకున్నాడు. నేనూ ఆ రోజే చూశాను. అప్పటినుంచీ నేను ఎదురైతే పక్క సందులోకి తిరుగుతున్నాడు. మూడేళ్ళు నన్ను నోటికొచ్చినట్టు తిట్టినవాడు, ఇప్పుడు తలెత్తడం లేదు."

"అయితే ఆ ఒక్క ఆకూ సరిగ్గా వేసెయ్యి. ఎవరు పోల్చి చూస్తారు?"

"లేనిది నేను వెయ్యను."

"మరి ఉన్నట్టే వెయ్యి."

"గోడ మీద ఉంటే ఎవడూ చూడడు. బొమ్మలో ఉంటే మూడు వందల ఇళ్ళల్లో రోజూ చూస్తారు. అందరికంటే ముందు ఆ భూతద్దం మనిషి చూస్తాడు. అంత గోపురం నిలబెట్టినవాడు ఈ ఒక్క ఆకుతో గుర్తుండిపోతాడు. వాడి కూతురికి ఉత్తరపు గోడ పని దక్కదు."

"ఇంతకీ నువ్వు దేనికోసం కూర్చున్నావు బాబాయ్?"

"పావురం కోసం," అన్నాడు ఆయన, ఆ మాత్రం తెలియదా అన్నట్టు విసుక్కుంటూ. "అది వచ్చి ఆ అంచు మీద కూర్చుంటే నాకు ఆకు కనబడదు. కనబడనిది నేనెందుకు వేస్తాను?"

తర్వాత కథంతా తిట్లతో కలిపి బయటికి వచ్చింది. మూడేళ్ళ మరమ్మతుల దెబ్బకి గోపురం మీది పావురాలు పక్క వీధి మేడలకి వలసపోయాయి. వాటిని వెనక్కి రప్పించడానికి ఈయన సోమవారం నుంచి రోజూ వందకి పైగా మెట్లెక్కి, గంటల గది కిటికీలోంచి అంచు మీదికి గింజలు విసురుతున్నాడు. గింజలు గాలికి ఎటో పోతున్నాయి. పావురాలు రావడమైతే వస్తున్నాయి గాని ఒకటో ఆకు ముందు కూర్చుంటున్నాయి, తొమ్మిదో ఆకు ముందు కూర్చుంటున్నాయి, కిటికీ గడప మీద కాపురాలు పెడుతున్నాయి. ఆరో ఆకు ముందు మాత్రం ఒక్కటీ ఆగడం లేదు. నిన్న ఒకటి ఆగినట్టే ఆగిందనీ, ఈయన మెట్లు దిగి బ్రష్షు తడుపుకునేలోపు వెళ్ళిపోయిందనీ చెప్పి, ఆ పావురాన్ని దాని వంశంతో సహా తిట్టాడు.

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఇంట్లో ఆ రెండూ కలిస్తే కోపంగానే బయటికి వస్తాయి. ముందే చెప్పి ఉంటే ఈ నాలుగు రోజులు నేను చచ్చేదాన్ని కాదు కదా అని మొదలుపెట్టి, ఆయన మోకాళ్ళనీ, గుండెనీ, బుద్ధినీ కలిపి కడిగిపారేసింది. చెబితే నువ్వు ఆకు చెరిపేసేదానివి అన్నాడాయన. అది నిజమే కాబట్టి ఆమె ఇంకా గట్టిగా అరిచింది. అరుస్తూనే ఆలోచించింది.

శుక్రవారం ఎనిమిదింటికల్లా ఆమె గంటల గది కిటికీలో ఉంది. షాపులో ప్రింటు కాగితం చుట్టి వచ్చే పొడవాటి అట్ట గొట్టాలు మూల నిండా పడి ఉంటాయి. రెండు గొట్టాలు ఒకదానిలోకి ఒకటి దోపి, టేపు చుట్టి, మెట్ల మలుపుల్లో నాలుగు చోట్ల ఇరికించుకుని తిట్టుకుంటూ పైకి మోసుకొచ్చింది. కిటికీలోంచి గొట్టాన్ని ఏటవాలుగా దించి పై కొసలో గింజలు పోస్తే, కింది కొసలోంచి సరిగ్గా అంచు మీద పడుతున్నాయి. బాబాయి కింద కుర్చీలో బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చుని కేకలు వేశాడు.

"ఎడమకి. ఇంకా ఎడమకి. అది ఐదో ఆకే, నీకు లెక్క రాదా?"

పైనుంచి ఆమె ఏమన్నదో ప్రార్థనకి వచ్చినవాళ్ళు విని నొచ్చుకున్నారు. తొమ్మిదిన్నరకి ఒక బూడిదరంగు పావురం వచ్చింది. మూడో ఆకు దగ్గర దిగి, నాలుగు దాటి, ఐదు దాటి, ఆరో ఆకు ముందు కుప్పగా పడిన గింజల దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసి, రొమ్ము విరిచి కూర్చుంది. ఆమె ఊపిరి బిగబట్టి చిటికెడు చిటికెడుగా గింజలు జారవిడుస్తూనే ఉంది. చేతులు పీక్కుపోయాయి, మెడ పట్టేసింది, ముక్కులోకి ఈక దూరింది. తుమ్ము వస్తే నాలుక కొరుక్కుని ఆపుకుంది. కింద బాబాయి ఒక్క మాట లేకుండా వేస్తున్నాడు. ఆఖరికి ఆయన బ్రష్షు ఎత్తి ఊపాడు. ఆమె దిగి వచ్చి చూస్తే గోరంత తెలుపు నిండిపోయింది. పావురం మెడ మీది పచ్చటి మెరుపు, ముడుచుకున్న రెక్క, అన్నీ ఉన్నాయి. ఎడమ కాలికి ఒక వేలు లేదు. అది కూడా వేశాడు.

పది గంటలకి కార్యదర్శి షాపులో అడుగుపెట్టేసరికి మెషీను మీద మొదటి ప్రింటు సగం బయటికి వచ్చి ఉంది. ఆమె జుట్టులో ఈకలున్నాయి. ఆయన వాటిని చూశాడు గాని అడిగే ధైర్యం చెయ్యలేదు. శనివారం సాయంత్రానికి మూడు వందలూ కట్టలు కట్టి చర్చి హాలుకి చేర్చింది.

ఆదివారం ముఖద్వారం తెరిచారు. హాలులో నిలువెత్తు ఫ్రేములో ఒక ప్రింటు పెట్టారు. అందరూ కుర్చీల కోసం తోసుకుంటుంటే మేస్త్రి ఒక్కడే ఇస్త్రీ చొక్కాలో సరాసరి ఫ్రేము దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఆకుల వరస దగ్గర వేలు గాలిలో పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఆ వేలు ఆరు దగ్గర ఆగిపోయింది. తర్వాత ఆయన వెనక్కి తిరిగి హాలంతా వెతుక్కుని, గోడకి ఆనుకుని నిలబడ్డ బాబాయి దగ్గరికి వచ్చాడు. ఆమె పక్కనే ఉంది.

"ఆ పావురం..." అన్నాడు మేస్త్రి.

"ఉంది కాబట్టి వేశాను," అని బాబాయి గుడ్లురిమాడు. "శుక్రవారం తొమ్మిదిన్నరకి. నమ్మకపోతే మా అమ్మాయిని అడుగు."

"నేనెవరినీ అడగను."

మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరివీ గరుకు చేతులే. బాబాయి, ఎంతైనా నీ సున్నం తెల్లగానే ఉందయ్యా అన్నాడు. నీ కళ్ళకి పొరలొచ్చాయి, వెళ్ళి చూపించుకో అన్నాడు మేస్త్రి. నెల రోజుల తర్వాత జరిగిన ఆ మొదటి పోట్లాటతో ఇద్దరి మొహాలకీ రంగు తిరిగి వచ్చింది.

ఆ సభలోనే మేస్త్రిని వేదిక మీదికి పిలిచి పొగిడారు. నెల తిరక్కుండా ఉత్తరపు గోడ పని ఆయన కూతురికి వచ్చింది. అయితే సభ ముగిశాక కార్యదర్శి భూతద్దం చేతపట్టుకుని ఆమెని పక్కకి పిలిచాడు. బొమ్మ దివ్యంగా ఉందన్నాడు. ఆ పావురం ఒక్కటే పంటికింద రాయిలా ఉందన్నాడు. పవిత్రమైన గోపురం మీద, అందులోనూ కాలివేలు లేని పక్షి ఏం బాగుంటుందనీ, రెండో విడత ప్రింట్లలో కంప్యూటర్లో తీసెయ్యమనీ, ఒక్క నిమిషం పనే కదా అనీ అన్నాడు. నిన్నమొన్నటి దాకా ఆ మాట ఎవరైనా అంటే ఆమె కాళ్ళకి దండం పెట్టి ఉండేది.

"ఆ పావురాన్ని ముట్టుకుంటే నా మెషీను నుంచి మీకు ఒక్క ప్రింటు కూడా రాదు," అంది ఆమె. "కావాలంటే రాసిస్తాను."

కార్యదర్శి ఆమెనీ, దూరంగా ఉన్న బాబాయినీ మార్చి మార్చి చూసి, ఇది వంశంలోనే ఉందని తేల్చుకుని వెళ్ళిపోయాడు. రెండో విడత కూడా పావురంతోనే తీయించుకున్నాడు.

దీంతో మెట్లెక్కే పిచ్చి వదిలిందని ఆమె నిశ్చింతగా ఉంది. రెండు వారాల తర్వాత ఒక పొద్దున చర్చి మీదుగా వస్తుంటే, గోపురం చిన్న తలుపు దగ్గర బాబాయి గింజల సంచి పట్టుకుని కనబడ్డాడు. ఆమె చేతిలో ఉన్న కాగితాలు అక్కడే మెట్ల మీద పడేసి ఆయన మీదికి వెళ్ళింది. బొమ్మ అయిపోయింది, ప్రింట్లు అయిపోయాయి, ఇంకా ఎవర్ని చంపడానికి ఎక్కుతున్నావని నిలదీసింది.

"కొన్నవాళ్ళు ఇంట్లో ఊరికే కూర్చుంటారా?" అన్నాడు బాబాయి. "ప్రింటు ఇక్కడికి తెచ్చుకుని పోల్చి చూస్తారు. అప్పుడు ఆరో ఆకు ముందు పావురం ఉండొద్దూ?"

ఆమె నోరు తెరిచేలోపు తలుపు లోపలినుంచి మేస్త్రి బయటికి వచ్చాడు. ఆయన భుజం మీద ఆమె అట్ట గొట్టం ఉంది. ఇవాళ వంతు తనదని, బాబాయి నిన్న కూడా తన వంతులో దూరాడని ఆయన ఫిర్యాదు. నిన్న నువ్వు ఐదో ఆకు ముందు పోశావు కాబట్టి అది లెక్కలోకి రాదని బాబాయి. రొప్పుతూనే ఇద్దరూ ఒకరి మీద ఒకరు లేస్తున్నారు.

ఆమె ఒకరి చేతిలోంచి సంచీ, ఇంకొకరి భుజం మీదినుంచి గొట్టమూ లాక్కుంది. మీ ఇద్దరి మోకాళ్ళ సంగతీ నాకు తెలుసు, కింద కూర్చుని తీరిగ్గా కొట్టుకోండి అని తిట్టి, తలుపు తోసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. నూట ఎనభై నాలుగు మెట్లున్నాయి, చూసి ఎక్కు అని వెనకనుంచి బాబాయి అరిచాడు. నూట ఎనభై ఆరు అని మేస్త్రి అరిచాడు. ఆమె ఇద్దరినీ తిట్టుకుంటూ, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది.